బావగారి పప్పు పద్దు

మా బావగారు ట్రెజరీ కార్యాలయంలో ముప్పై ఏళ్ళకు పైగా ఇతరుల బిల్లుల మీద అభ్యంతరాలు రాసి పదవీ విరమణ చేశారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తీరిక లేకపోవడం వల్లనూ, విరమించాక విశ్రాంతి అవసరం కావడం వల్లనూ ఆయన వంటగది గడప తొక్కే సందర్భం రాలేదు. మా అక్కయ్య ఇప్పటికీ బడిలో లెక్కలు చెబుతూనే ఉంది గాని, ఆ ఉద్యోగం ఆమెకు ఇంటిపనిలో ఏ మినహాయింపూ తెచ్చిపెట్టలేదు.

ఈ ప్రశాంతతను చెడగొట్టింది జాతీయ గణాంక కార్యాలయం వారి 2019 నాటి కాల వినియోగ సర్వే. జీతం లేని ఇంటిపనికి ఆడవారు రోజుకు 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని ఎక్కడో చదివి, మగజాతి మరీ అంత తీసిపోలేదని బావగారు సంబరపడ్డారు. ఆ 97 నిమిషాలు పనిలో చెయ్యి పెట్టిన నూటికి 26 మంది మగవారి సగటు మాత్రమేననీ, పెట్టనివారిని కూడా కలిపితే తలకు పాతిక నిమిషాలే వస్తాయనీ, ఆడవారిలో చేసేవారు నూటికి 81 మంది అనీ అక్కయ్య చపాతీలు ఒత్తుతూనే చెప్పింది. లెక్కల టీచరుతో లెక్కలు పెట్టుకోకూడదని ఆయనకు అప్పుడైనా తోచవలసింది. తోచలేదు సరికదా, మన ఇంటి లెక్క మనమే తేల్చుదామని ఒక పాత రిజిస్టరు తీశారు.

పద్ధతి మాత్రం సర్వేవారిదే: తెల్లవారుజామున నాలుగు నుండి మర్నాడు నాలుగు వరకు, అరగంటకొక గడి. ఒకే గడిలో నాలుగు పనులు పడితే కనీసం పది నిమిషాలు పట్టినవాటినే రాయాలన్న నిబంధన ఆయనకు మహా నచ్చింది. ఎందుకంటే పాలు పొంగకుండా దించడం, మోటారు వేసి ట్యాంకు పొర్లకముందే కట్టడం, పనిమనిషికి అంట్లు సర్ది పెట్టడం, బావగారి బీపీ మాత్ర తీసి గ్లాసు పక్కన ఉంచడం, ఇవేవీ పది నిమిషాలకు అందే పనులు కావు. ఆ గడిలో ఆయన "కాఫీ" అని మాత్రం రాశారు.

ఇక తన గడులు నింపుకోవలసి వచ్చింది. అక్కయ్య బడికి వెళ్ళాక ఆయన పాలకూర పప్పు మొదలుపెట్టారు. కుక్కరులో సగానికి మించి పప్పు పోయకూడదని ఎవరూ రాతపూర్వకంగా తెలియజేయనందున అంచుదాకా పోశారు. విజిల్ ఎంతకీ రాకపోవడంతో, మంట తగ్గించాలన్న ఊహైనా లేకుండా, పట్టకారుతో వెయిట్ పైకి లాగారు. పసుపు రంగు ధార ఒకటి సీలింగుకు తగిలి, అక్కడినుండి చిమ్నీ మీదికీ, పోపుల డబ్బా మీదికీ, విప్పి ఉన్న రిజిస్టరు మీదికీ సమానంగా పంపిణీ అయింది. ఇంటిపనిలో సమానత్వం ఆ రోజుకు అక్కడే కనిపించింది.

దెబ్బలేమీ తగలలేదు. ఆయన స్టవ్ కట్టేసి, నిజాయితీపరుడు గనుక "వంట: 40 నిమిషాలు" అని రాసుకొని పడుకున్నారు. సాయంత్రం బడినుండి వచ్చిన అక్కయ్య చీర కుచ్చిళ్ళు ఎగదోపి, స్టూలెక్కి, సీలింగుకు ఎండి అతుక్కున్న పాలకూరను అట్లకాడతో గీకుతూ రాత్రి ఎనిమిదింటిదాకా అదే పనిలో ఉంది. వంట మళ్ళీ మొదటినుండి చేసింది.

రిజిస్టరులో ఆమె గడులు మాత్రం ఖాళీగానే ఉన్నాయి. అదేమని అడిగితే, సీలింగు కడగడం నిత్యకృత్యం కాదనీ, అనుకోని ఖర్చును రోజువారీ పద్దులో చూపితే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందనీ బావగారు ఓపికగా వివరించారు.

"అయితే మీరు వంట చేయడం నిత్యకృత్యమేనాండీ?" అని అక్కయ్య అట్లకాడ కడుగుతూ అడిగింది.

బావగారు కాసేపు ఆలోచించి, ఎర్ర సిరా కలంతో ఆ 40 నిమిషాలు కొట్టేసి, పక్కన పొడి సంతకం చేశారు.