వాడకట్టును అడిగి గోడకు రంగు

పట్టణాల శుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ బృందాలు వస్తున్నాయంటే మన పట్టణాల్లో గోడలకు హడావుడిగా రంగులు పడతాయి. చెట్టు, భూగోళం, చీపురు పట్టిన పిల్లలు. నల్లగొండలో చూసిన బొమ్మే పాలమూరులోనూ కనిపిస్తుంది. రెండు వానకాలాలు దాటేసరికి చెమ్మ పైకెక్కి రంగు పొలుసులుగా లేస్తుంది. మిగిలిన జాగాలో వాల్‌పోస్టర్లు అతికిస్తారు. ప్రజల డబ్బు ఇలా రాలిపోతుంటే బాధేస్తుంది.

దీనికి పెయింటర్లను తప్పుపట్టలేం. చదరపు అడుగుకు ఇంతని టెండర్ పిలిచి, అందరికన్నా తక్కువ అడిగినవాళ్లకే పని ఇస్తే, గోడ గీకి, పగుళ్లు పూడ్చి, ఆరనిచ్చి, ప్రైమర్ వేసేంత డబ్బు, సమయం వాళ్లకెక్కడివి? బొమ్మ నిలిచేది ఆ పని వల్లే. అందుకే గోడను సిద్ధం చేయడానికి, తర్వాత మూడేళ్ల మరమ్మతుకు అంచనాలోనే విడిగా డబ్బు చూపాలి. కళాకారుల కూలి మాత్రం ఆపొద్దు.

అన్నిటికన్నా ముందు ఆ వాడకట్టు వాళ్లను అడగాలి. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు యువజనులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలి. ఒక్కోదానిలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది! నమూనా వాళ్ల ముందు పెట్టి, మార్చమంటే మార్చాలి. మగ్గాలున్న వాడలో చిటికి (ముడులేసి రంగులద్దే ఇక్కత్) పోగుల చిత్రం అడగొచ్చు. నల్లగొండ పక్కనున్న పానగల్లు వాళ్లు తమ ఛాయాసోమేశ్వరాలయంలో శివలింగం వెనుక రోజంతా నిలిచే ఆ నీడను అడగొచ్చు. 12 మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యకు 2022లో, బుర్రవీణ వాయించే నారాయణపేట జిల్లా దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ వాద్యాలు పిల్లలు బడికెళ్లే దారిలో గోడ మీద కనిపిస్తే ఎంత బాగుంటుంది! తమ ఇష్టంతో వేసిన బొమ్మ మీద పోస్టర్ అంటిస్తుంటే ఆ వాడవాళ్లే అడ్డుకుంటారని మా నమ్మకం.

చౌరస్తాల్లో విగ్రహాల సంగతి వేరు. రోడ్లు, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే ఆదేశించింది. విగ్రహాలకు పెట్టే డబ్బు కూడా గోడలకే మళ్లించాలి.

ప్రతి పట్టణం ఈ ఏడాది ఒక్క వార్డుతోనైనా మొదలుపెట్టాలి. బడి గోడ చాలు. బొమ్మ కింద గీసినవాళ్ల పేరు, గీసిన తేదీ, రంగు లేస్తే ఫోన్ చేయాల్సిన మున్సిపల్ నంబరు రాయించాలి.