పిల్లాడికి ఆసక్తి లేదనే ముందు ఆ గిటార్ తీగల ఎత్తు చూడండి

"గిటార్ కొనిచ్చాం, నాలుగు రోజులు వాయించి అటకెక్కించాడు. వాడికి దేనిమీదా నిలకడ లేదు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ గిటార్ తెప్పించి చూస్తే, చాలాసార్లు 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర తీగ 4, 5 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. లావు తీగకు 2.5, సన్న తీగకు 2 ఉంటే చాలు. అంత ఎత్తులో నొక్కాలంటే పెద్దవాళ్ల వేళ్లే కమిలిపోతాయి. ఒకే వేలితో తీగలన్నీ అదిమి పట్టాల్సిన ఎఫ్ కార్డ్‌ని పదేళ్ల పిల్లాడు ఎలా పడతాడండీ? తప్పు గిటార్‌ది, నింద పిల్లాడికి!

షాపులో మెరిసే రంగు, పక్కన కోసిన కట్‌అవే, శబ్దాన్ని స్పీకర్‌కి పంపే పికప్, దాన్ని సర్దే ఈక్వలైజర్, బ్యాగు, బెల్టు అన్నీ కలిపి ఐదు వేలు అంటారు. మరి చెక్క మీద ఎంత పెట్టినట్టు? కరెంటు లేకుండా మోగే అకూస్టిక్ గిటార్‌కి గొంతు పైపలకే. అది ఒకే చెక్కదైతే సాలిడ్ టాప్, పొరలు అతికించిందైతే ప్లై. సౌండ్ హోల్ (పైపలక మీది గుండ్రటి రంధ్రం) అంచు దగ్గర ఫోన్ టార్చ్ వేసి చూడండి. పైన కనిపించే చెక్క గీతలు అంచు మందంలోకి కూడా దిగితే సాలిడ్. సాండ్‌విచ్‌లా పొరలు కనిపిస్తే ప్లై. యమహా ఎఫ్‌జీ800నే తీసుకోండి. దాని వెనకా పక్కలా ప్లైయే, పైపలక మాత్రం సాలిడ్ స్ప్రూస్ చెక్క. డబ్బు పెట్టాల్సిన చోట పెట్టడమంటే అదీ.

రోజ్‌వుడ్ అనగానే పడిపోకండి. మన దక్షిణాది అడవుల్లో పెరిగే రోజ్‌వుడ్ గొప్ప చెక్కే. 1969 చివర్లో అమెరికా గిటార్ కంపెనీ మార్టిన్ తన డీ-28 మోడల్ వెనకా పక్కలకు బ్రెజిల్ రోజ్‌వుడ్ మానేసి దీనికే మారింది. కానీ చవక గిటార్ మీద "రోజ్‌వుడ్ ఫినిష్" అని ఉంటే అది ఒట్టి రంగు.

ఇక టోన్. స్ప్రూస్ గొంతు తేటగా, గట్టిగా ఉంటుంది. సెడార్, మహాగనీ కాస్త మెత్తన. పాటకు స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి మీటడం) చేసేవాళ్లకు పెద్ద పెట్టె ఉండే డ్రెడ్‌నాట్ సైజు బాగుంటుంది, చిన్నపిల్లలకు మాత్రం అది చంకలో ఇమడదు. శబ్దం ముందుకు పోతుంది కాబట్టి షాపు కుర్రాణ్ణి వాయించమని మీరు ఎదురుగా నిలబడి వినండి. ఒక్క తీగ మీటి వదిలేసి, ఎంతసేపు మోగుతుందో చూడండి. తర్వాత ఖాళీ తీగ, అదే తీగ 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. కింది సా, పై సా అతికినట్టు కలవాలి. ఫోన్లో ట్యూనర్ యాప్ ఉంటే అదే చెబుతుంది. కలవకపోతే ఎంత తగ్గించినా వద్దనండి. పై ఫ్రెట్లకు వెళ్లేకొద్దీ అపశ్రుతే.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. హాస్టల్ గదిలోనో, ఎండలో కారులోనో పడుండే గిటార్ అయితే ప్లైయే నయం. సాలిడ్ చెక్క ఎండకు, తేమకు త్వరగా ముడుచుకుంటుంది, ఉబ్బుతుంది, జాగ్రత్తగా చూసుకోవాలి.

షాపులో నెలల తరబడి వేలాడిన గిటార్ల తీగలు తుప్పు పట్టి ఉంటాయి. వాటి మీద ఏ టోనూ తేలదు. కాబట్టి డబ్బు కట్టే ముందే కొత్త తీగలు వేయించండి, తీగల ఎత్తు కూడా తగ్గించి ఇమ్మనండి. వాటికి వేరే డబ్బు అడిగినా ఇవ్వండి, పికప్ లేని మోడల్ తీసుకుంటే ఆ ఖర్చు అందులోనే మిగులుతుంది. "అవన్నీ చెయ్యం సార్" అంటే ఆ షాపులో కొనకండి.