క్యుప్రస్ ఆక్సైడ్ అల్లుడు గారికి

అల్లుడు గారూ,

రాగి, ఆక్సిజన్ కలిసిన ఎర్రటి పదార్థమైన మిమ్మల్ని కరెంటుతో గాజుపలక మీద పల్చటి పొరగా దింపడమే నా పీహెచ్‌డీ. నాలుగో ఏడు నడుస్తోంది. "ఇంకా ఆ రాగి పూత అవలేదా, మా వీధిలో చెంబుకి కళాయి గంటలో పెట్టేవాడు" అని అమ్మ ఫోన్లో అంటోంది. ఏమని చెప్పను?

మీ మర్యాదలకు ఏం తక్కువ చేశాం? మీరు కూర్చునే గాజుపలకకి అసిటోన్, ఆల్కహాల్, ఆపై శుద్ధజలంతో మంగళస్నానాలు. మీ తిండి పొలాల్లో తెగుళ్ళకి కొట్టే మైలుతుత్తమే, కానీ పుల్లపెరుగులో ఉండే లాక్టిక్ యాసిడ్ కలిపితేగాని ముద్ద దిగదు. (నిజమేలెండి, అది రాగిని పట్టి ఉంచకపోతే క్షారం పోయగానే అంతా నీలం ముద్దై అడుక్కి చేరుతుంది.) నీళ్ళు 60 డిగ్రీలుండాలి. పీహెచ్ (ద్రావణం ఎంత క్షారమో చెప్పే అంకె) 9 అయితే మీ స్ఫటికాలు ఒకవైపు తిరిగి కూర్చుంటాయి, 12 అయితే ఇంకోవైపు. మా పీహెచ్ మీటరేమో పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట.

ఇంతా చేసి మొన్న రాత్రి మైనస్ 0.4 వోల్టు పెట్టి, గంటసేపు కదలకుండా కూర్చుంటే, వోల్టేజిని దేనితో పోల్చి కొలుస్తామో ఆ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ కొనలో కంటికానని గాలిబుడగ ఒకటి దూరిందని తెల్లారాక తెలిసింది. స్క్రీన్ మీద మైనస్ 0.4 అనే ఉంది, లోపల ఎంత కిందికి జారిందో దేవుడికెరుక. పొర మాత్రం ఎర్రగా, చూడముచ్చటగా వచ్చింది, ఫొటో తీసి ల్యాబ్ గ్రూపులో కూడా పెట్టేశాను. తర్వాత ఎక్స్‌ఆర్‌డీ (పొరలో ఏ స్ఫటికాలున్నాయో ఎక్స్-కిరణాలతో చూసే పరీక్ష) చూస్తే 36.4 డిగ్రీల శిఖరం దగ్గర మీరున్నారు, సంతోషం, కానీ పక్కనే 43.3 దగ్గర మీకంటే ఎత్తుగా నిలబడ్డది ఎవరు? లోహపు రాగి! వోల్టు మరీ కిందికి జారితే దిగేది అదే. మిమ్మల్ని ఒక్కరినే పిలిస్తే తోడల్లుణ్ణి వెంటేసుకొచ్చారా?

మీ వంశం గొప్పదే, కాదనను. సిలికాన్ హవా ఇంకా మొదలవని 1920లలోనే ఏసీ కరెంటుని డీసీగా మార్చే రెక్టిఫయర్లలో కొలువు చేశారు. మీ పి-రకం (ధన ఆవేశంతో కరెంటు నడిపే) సెమీకండక్టర్ గుణం కూడా రాగి పరమాణువులు లేని ఖాళీల వల్ల వచ్చిందే, అంటే లోటునే ఆస్తిగా చూపించి కట్నం అడిగే రకం. సోలార్ సెల్‌గా పడిన ఎండలో 20 శాతం దాకా కరెంటుగా ఇస్తారట, కాగితం మీద. మా దగ్గర ఇచ్చింది చెబితే గైడుగారికి బీపీ పెరుగుతుంది. పోనీ ఎండలో నీళ్ళను చీల్చి హైడ్రోజన్ తీయమంటే, పని మానేసి మీరే రాగిగా మారిపోతారు.

రేపు తొమ్మిదింటికి కొత్త ద్రావణం కలుపుతున్నాను. ఎలక్ట్రోడ్‌ని తట్టి తట్టి బుడగ లేదని చూసుకునే పెడతాను. దయచేసి ఒక్కరే రండి.

ఇట్లు,
మీ మామగారి స్థానంలో ఉన్న రీసెర్చ్ స్కాలర్