వెలిగిందల్లా పాకినట్టు కాదు

ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న మనిషికి పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌లో (పీఎస్‌ఎంఏ అనే ప్రోటీన్‌కు అతుక్కుని వెలిగే మందు ఎక్కించి తీసే స్కాన్) పొత్తికడుపు లోపల ఇంకో గడ్డ వెలిగితే నాలుగో స్టేజేనట. పరీక్షకు ముక్క తీయిస్తే (బయాప్సీ) ఇంకా పాకుతుందట. మా పెదనాన్న రిపోర్టు వచ్చిన రోజే ఎవరో ఈ వాట్సాప్ మెసేజ్ పంపారు. రెండు రోజులు ఆయన సరిగ్గా అన్నం తినలేదు.

"పీఎస్‌ఎంఏ ప్రోస్టేట్‌కే ప్రత్యేకం, కాబట్టి వెలిగితే క్యాన్సరే" అన్నది మొదటి మాట. ఇంటిపేరు కస్తూరివారు సామెత ఇలాంటి పేర్ల కోసమే పుట్టిందేమో! పేరులో 'ప్రోస్టేట్ స్పెసిఫిక్' అని ఉన్నా, ఆ ప్రోటీన్ ఒంట్లో చాలాచోట్ల ఉంటుంది. ఏ రోగి స్కాన్ ప్రింటైనా చూడండి: కళ్ల దగ్గర కన్నీటి గ్రంథులు రెండు చుక్కల్లా, దవడల దగ్గర లాలాజల గ్రంథులు, వాటికంటే గట్టిగా కిడ్నీలు, చిన్నపేగు మొదలు, అన్నీ వెలుగుతూనే ఉంటాయి. నరం చుట్టూ ఉండే పొర కణాల్లో పుట్టే ష్వానోమా అనే గడ్డ క్యాన్సర్ కాదు, అయినా స్కాన్ కోసం ఎక్కించే ఆ మందును పట్టుకోగలదు. ఎముకకు వచ్చే పేజెట్ జబ్బూ అంతే. ఇంకా చిత్రం, వెన్ను అడుగున త్రికాస్థి ముందుండే నరాల ముడులు ఏ జబ్బూ లేకుండానే లేతగా వెలిగి, లింఫ్ గ్రంథులేమోనని భ్రమపెడతాయి.

"కటి భాగంలో గడ్డ అంటే పాకడమే" అన్నదాంట్లో సగం నిజముంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ముందుగా పాకేది అక్కడి లింఫ్ గ్రంథులకూ ఎముకలకే. అయితే ఆ గ్రంథులు రక్తనాళాల వెంట ఉంటాయి, ష్వానోమా నరం వెంట పెరుగుతుంది. పెదనాన్న ఎమ్మారైలో అది త్రికాస్థి ముందు కోడిగుడ్డులా, నున్నటి అంచుతో కనిపించింది. దాని కొస ఒకటి నరం బయటికొచ్చే రంధ్రంలోకి దూరింది. ష్వానోమా ఏమోనన్న అనుమానం అక్కడే మొదలైంది. అంతమాత్రాన ఖాయం చేయలేరు, ముక్క తీయాల్సిందే.

సూది గుచ్చితే పాకుతుందన్న భయం మన ఇళ్లలో పాతదే. సూది దారిలో క్యాన్సర్ కణాలు నాటుకోవడం చాలా అరుదు. ముక్క తీయకపోతే జరిగే నష్టమే పెద్దది: ప్రోస్టేట్ దాటని జబ్బును పాకిందనుకుంటే, నయం చేసే ఆపరేషనో రేడియేషనో వదిలేసి ఏళ్ల తరబడి హార్మోన్ ఇంజెక్షన్లతో సరిపెట్టే ప్రమాదం ఉంది.

పెదనాన్న ముక్క పరీక్షలో ష్వానోమా అనే వచ్చింది. ప్రోస్టేట్‌కు రేడియేషన్ ఇచ్చారు. గడ్డ జోలికి పోలేదు. నొప్పి, కాలు తిమ్మిరి లేనంతకాలం ఎమ్మారైతో గమనిస్తే చాలన్నారు.