గ్రంథపాలకుల సాంకేతిక శిక్షణకు పని గంటలు కేటాయించాలి

ప్రతి పాఠశాలలోనూ గ్రంథాలయం ఉండాలని, అందులో దినపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలూ దొరకాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులో స్పష్టంగా రాసింది. అదే షెడ్యూలు ఎంతమంది పిల్లలకు ఎంతమంది ఉపాధ్యాయులు ఉండాలో లెక్క కట్టి చెప్పింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వందకు మించితే చిత్రకళకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని కూడా చెప్పింది. గ్రంథపాలకుడి ప్రస్తావన మాత్రం అందులో ఎక్కడా లేదు. కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో, గురుకులాల్లో ఆ పోస్టు ఉంది కాబట్టి అక్కడ పరిస్థితి కొంత నయం. మామూలు ప్రభుత్వ పాఠశాలలో పుస్తకాల బీరువా తాళంచెవి సాధారణంగా ఏదో ఒక ఉపాధ్యాయుడి చేతిలోనే ఉంటుంది. ఆయన పాఠాలు ఆయనకు ఎలాగూ ఉంటాయి, వాటి పైన ఇదొక అదనపు బాధ్యత.

గ్రంథాలయ సాంకేతికత గురించి మాట్లాడేటప్పుడు ఈ ఖాళీని ముందు గుర్తించాలి. సుమారు 42 లక్షల మందిని లక్ష్యంగా పెట్టుకుని 2019లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిష్ఠా శిక్షణ ఉపాధ్యాయులను, ప్రధానోపాధ్యాయులను దృష్టిలో ఉంచుకుని రూపొందింది. పాఠశాల గ్రంథాలయాన్ని చూసుకునే వ్యక్తి అక్కడికి వెళితే ఉపాధ్యాయుడిగానే వెళ్లాలి. పుస్తకాల జాబితాను కంప్యూటర్‌కు ఎక్కించడం, పిల్లల వయసుకు తగిన డిజిటల్ పుస్తకాలను వెతకడం, ఫోన్‌లో చూసిన సమాచారాన్ని నమ్మవచ్చో లేదో పిల్లల చేత పరీక్షింపజేయడం వంటి పనులు నేర్పడం దాని ప్రధానోద్దేశం కాదు.

పౌర గ్రంథాలయాల కథ వేరు. అక్కడ పోస్టులున్నాయి, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం ఉంది, ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా ఉంది. ఆ సెస్సును వసూలు చేసే స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయకపోవడం పాత సమస్యే. ఆ డబ్బు అందినప్పుడు కూడా భవనాలు, జీతాలు, పుస్తకాల కొనుగోలు పోగా సిబ్బంది చదువుకు మిగిలేది తక్కువ. సర్టిఫికెట్ కోర్సుతోనో డిగ్రీతోనో ఉద్యోగంలో చేరిన గ్రంథపాలకుడు పదవీ విరమణ దాకా ఆ చదువుతోనే నెట్టుకొస్తున్నాడంటే ఆ లోపం ఆయనది కాదు.

కళాశాలల, విశ్వవిద్యాలయాల గ్రంథపాలకులతో పోల్చి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. వారికి గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం గ్రంథాలయ నిర్వహణకు సోల్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఇచ్చింది, దానిపై శిక్షణ కూడా ఇస్తుంది. అయితే నా ఉద్దేశంలో అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటుంది. యూజీసీ నిబంధనల ప్రకారం వారి పదోన్నతికి రిఫ్రెషర్ కోర్సులు లెక్కలోకి వస్తాయి. నేర్చుకున్నది సర్వీసు రికార్డులోకి ఎక్కుతుంది కాబట్టి వారు శిక్షణకు వెళతారు, వారిని పంపడానికి సంస్థ కూడా ఒప్పుకుంటుంది. శాఖా గ్రంథాలయంలో ఒంటరిగా పనిచేసే ఉద్యోగికి శిక్షణకు వెళితే వచ్చేదేమీ లేదు, పైగా ఆ రోజు గ్రంథాలయం మూతపడిందన్న మాట పడాల్సి వస్తుంది.

నేర్చుకోవడానికి సామగ్రి లేదనే వాదన ఇప్పుడు నిలవదు. న్యూజిలాండ్‌లోని హోరోవెనువా అనే చిన్న ప్రాంతంలో గ్రంథాలయాల పాత కంప్యూటర్ వ్యవస్థ 2000 సంవత్సరాన్ని తట్టుకోలేదని తేలినప్పుడు, అక్కడివారు కొత్తదాన్ని రాయించుకుని అందరికీ ఉచితంగా వదిలిపెట్టారు. అదే కోహా. మన దేశంలో ఎన్నో గ్రంథాలయాలు దానిపై నడుస్తున్నాయి. దాన్ని దశలవారీగా నేర్పే వీడియోలు ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్‌లో ఉన్నాయి. వీడియో ఒక పక్క నడుస్తుంటే మరో పక్క మనమే చేస్తూ నేర్చుకునే పద్ధతి అది. కేంద్ర ప్రభుత్వ సమాచార సాంకేతిక సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ఈ-గ్రంథాలయ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఐఐటీ ఖరగ్‌పూర్ నడుపుతున్న జాతీయ డిజిటల్ లైబ్రరీ 2018 నుంచి అందరికీ తెరిచి ఉంది. పాఠశాలల కోసం ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ 2015 నుంచి తెలుగుతో సహా అనేక భాషల్లో పిల్లల కథలను ఉచితంగా ఇస్తోంది. వాటిని దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, అనువదించనూ వచ్చు.

అయినా రెండు రోజుల వర్క్‌షాప్‌లో ఇవన్నీ తెరపై చూసి ఊరికి తిరిగి వెళ్లిన ఉద్యోగి తన బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఎదురయ్యే చిక్కులు వేరుగా ఉంటాయి. తెలుగు పుస్తకాల విషయంలో ఆ చిక్కులు చాలా నిర్దిష్టమైనవి. పాత జాబితా డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లలో కొట్టించినదైతే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అది అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నా, మారాక ఒత్తులు, గుణింతాలు ఎక్కడ చెడ్డాయో చూడటానికి తెలుగు బాగా వచ్చిన మనిషి కావాల్సిందే. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట-కారపు పొల్లుకూ వకారానికీ మధ్య కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటుంటుంది. ఒకరు దాన్ని పెట్టి, మరొకరు పెట్టకుండా టైపు చేస్తే మనకది ఒకే మాట, కంప్యూటర్‌కు మాత్రం రెండు వేర్వేరు మాటలు. సాఫ్ట్‌వేర్ అమరికలో ఆ జాగ్రత్త తీసుకోకపోతే ఉన్న పుస్తకం కూడా వెతుకులాటలో దొరకదు. రావిశాస్త్రి అని ఒక పుస్తకం మీద, రాచకొండ విశ్వనాథశాస్త్రి అని మరో పుస్తకం మీద ఉంటే ఆ రెండు పేర్లూ ఒకరివేనని కేటలాగ్‌కు ఎవరో చెప్పాలి. ఇవి హైదరాబాద్ హోటల్ హాలులో ప్రొజెక్టర్ ముందు కూర్చుంటే వచ్చే విద్యలు కావు. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే తన యాక్సెషన్ రిజిస్టర్‌ను ముందు పెట్టుకుని, తన బీరువాలోని పుస్తకాలను ఒక్కొక్కటిగా ఎక్కిస్తూ, తప్పు వచ్చినచోట ఎవరినైనా అడగగలిగినప్పుడే పట్టుబడతాయి.

ఈ రకమైన నేర్పుకు అమెరికాలో ఒక మంచి ఉదాహరణ ఉంది. నార్త్ కరోలినాలోని షార్లెట్ నగర గ్రంథాలయంలో హెలెన్ బ్లోవర్స్ 2006లో ‘23 థింగ్స్’ అనే కార్యక్రమాన్ని రూపొందించారు. బ్లాగు, వికీ, ఫొటోల పంపిణీ, పాడ్‌కాస్ట్ వంటి ఆ కాలపు కొత్త విషయాలను ఇరవై మూడు చిన్న పనులుగా విడగొట్టి కొన్ని వారాల వ్యవధి ఇచ్చారు. ప్రతి ఉద్యోగీ సొంతంగా బ్లాగు తెరిచి, చేసిన పనిని అందులో రాయాలి. పూర్తిచేసిన వారికి ఎంపీ3 ప్లేయర్ బహుమతి. ఆ పాఠాలను ఇతరులు వాడుకోవడానికి అనుమతి ఇవ్వడంతో అనేక దేశాల గ్రంథాలయాలు వాటిని తమకు తగ్గట్టు మార్చుకున్నాయి. ఆ సాధనాల్లో కొన్ని ఇప్పుడు పాతబడ్డాయి కానీ, పెద్ద విషయాన్ని చేయగలిగినంత చిన్న పనులుగా విడదీసి, అందరిచేతా ఒకే కాలంలో చేయించిన పద్ధతి ఇంకా పనికొస్తుంది.

అటువంటి జాబితా తెలుగులో తయారుచేయాలంటే పనులకు కొదవ లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాటిలో చాలావాటి పేర్లను ఆంగ్ల లిపిలో, అక్షర దోషాలతో నమోదు చేయడంవల్ల తెలుగులో టైపు చేసి వెతికే పాఠకుడికి అవి దొరకవు. అలాంటి పుస్తకాన్ని ఏయే స్పెల్లింగులతో వెతకాలో తెలిసిన గ్రంథపాలకుడు ఊళ్లో ఒక్కరున్నా పరిశోధక విద్యార్థికి రోజుల శ్రమ తప్పుతుంది. వికీపీడియా వ్యాసాలకు గ్రంథపాలకులు తలా ఒక మూలాన్ని చేర్చే ‘వన్ లైబ్ వన్ రెఫ్’ ఉద్యమం 2016 నుంచి నడుస్తోంది. మూలాలు లేని తెలుగు వ్యాసాలకు మన గ్రంథాలయాల పుస్తకాల నుంచి ఆధారాలు చేర్చడం శిక్షణలో భాగమైతే, నేర్చుకునే క్రమంలోనే లోకానికి పనికొచ్చే పని కూడా జరుగుతుంది. పాఠశాల గ్రంథాలయానికైతే స్టోరీవీవర్ నుంచి ఐదో తరగతి పిల్లలు చదవగలిగిన కథలను ఎంచి, అచ్చు తీసి, అట్ట వేసి బీరువాలో పెట్టడం మొదటి పని కావచ్చు.

ఖాళీ పోస్టులు నింపకుండా శిక్షణ గురించి మాట్లాడటం ఎందుకన్న అభ్యంతరం న్యాయమైనదే. నియామకాలు జరగాలి, పాఠశాలల్లో గ్రంథపాలకుడి పోస్టుకు చట్టంలో చోటు రావాలి. కానీ అవి జరిగేదాకా ఇప్పుడున్నవారిని వదిలేయనక్కరలేదు. వారానికి ఒక పూట పని గంటల్లోనే నేర్చుకోవడానికి కేటాయించి, ఆ వేళను సర్వీసు రిజిస్టరులో నమోదు చేయడానికి పెద్ద ఖర్చేమీ అవసరం లేదు. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో కోహా తెలిసిన ఒక ఉద్యోగి ఆ పూట ఫోన్‌లో అందుబాటులో ఉంటే శాఖల్లోని వారి సందేహాలు అప్పటికప్పుడే తీరతాయి. పాఠశాలల్లో గ్రంథాలయం చూసుకునే ఉపాధ్యాయుల పేర్లను జిల్లా విద్యాశాఖ ఒక జాబితాగా ఇస్తే వారినీ అదే పూటకు చేర్చుకోవచ్చు. దీనికయ్యే ఖర్చును జిల్లా గ్రంథాలయ సంస్థ వార్షిక బడ్జెట్‌లో ప్రత్యేక పద్దుగా చూపించి, ఆ పద్దు కింద ఏడాదిలో ఎన్ని పుస్తకాలు యూనికోడ్ తెలుగులో కేటలాగ్‌లోకి ఎక్కాయో పాలకమండలి ముందు పెట్టాలి.