మామయ్య జేబులో పాల చీటీ

"ఈయన చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?" అని డ్యూటీ డాక్టరు అడిగితే మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. అత్తయ్య ఏడింటికంది, బావ ఎనిమిదన్నాడు. చివరికి మామయ్య చొక్కా జేబులో పాల కేంద్రం చీటీ దొరికింది. లీటర్లు, వెన్న శాతం, కింద చిన్న అంకెల్లో టైము: 6.12. అప్పటికి మధ్యాహ్నం పన్నెండు దాటింది.

"పక్షవాతం. లేటయిందండీ" అన్నాడు డాక్టరు. మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలట.

ఆ ఆరు గంటలూ ఎటు పోయాయో చెప్తాను. పాలు పోసి వచ్చి అరుగు మీద కూర్చున్న మనిషికి కుడి చెయ్యి లేవలేదు, మూతి ఓ పక్కకి లాగేసింది. నీరసమేమోనని అత్తయ్య కాఫీ పట్టబోయింది. (అలాంటప్పుడు నోట్లో ఏమీ పోయకండి. మింగలేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.) పక్కింటాయన పావురం రక్తం రాయమన్నాడు. ఆర్‌ఎంపీ బీపీ చూసి, ఓ సూది వేసి, "కాసేపు చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత కారు మాట్లాడుకుని దగ్గర్లోని సర్కారు ఆసుపత్రికి. అక్కడ స్కాన్ మిషను ఉంది, తీసేవాడే పది దాటాక వస్తాడట. ఇంకేం చేస్తాం, మళ్లీ కారెక్కి జిల్లా కేంద్రానికి.

ఇలాంటివి చెప్పగానే "జనానికి అవగాహన లేదు" అనేస్తారు. ఒప్పుకుంటాను, మాకు లేదు. ఉండి, ఏడింటికే ఆ ఆసుపత్రికి వెళ్లినా స్కాన్ గది తాళం ఎవరు తీసేవారు?

ఇది చేతకాని పనేం కాదు. గుండెపోటుకి చేసి చూపించారు. ఆంధ్రప్రదేశ్‌లో స్టెమీ కార్యక్రమం కింద చిన్న ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి కార్డియాలజిస్టుకి పంపి, ఆయన సరేనంటే గడ్డను కరిగించే, నలభై వేల దాకా ఖరీదుండే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ అక్కడికక్కడే ఉచితంగా ఇస్తున్నారు. పక్షవాతానికీ ఆ మందే వాడొచ్చు, మోతాదు వేరు. తిరకాసల్లా ఒక్కటే. మెదడులో నాళం పూడుకుపోయిందో, చిట్లిందో మనిషిని చూసి చెప్పలేరు. చిట్లినవాళ్లకి ఆ మందిస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ముందు తలకి సీటీ స్కాన్ తీయాలి. అంటే 24 గంటలూ సీటీ తీసే మనిషి, ఫోన్లో ఆ ఫిల్ము చూసి చెప్పే న్యూరాలజిస్టు, ఈ ఇద్దరూ దొరకాలి. కొండలూ లోయల మధ్య హిమాచల్ ప్రదేశ్ 2014లోనే ఈ ఫోన్ పద్ధతి మొదలుపెట్టింది. రోడ్లున్న మనకేం అడ్డం? ఇంకోటి, మూతి వంకర, చెయ్యి లేవడం లేదు, మాట ముద్దగా వస్తోంది అనగానే అంబులెన్సు వెళ్లాల్సింది దగ్గరి ఆసుపత్రికి కాదు, సీటీ నడుస్తున్న ఆసుపత్రికి. ఏ రాత్రి ఎక్కడ నడుస్తోందో డ్రైవరుకి తెలియాలి.

నా అసలు కోపం ఇంతకు ముందు జరిగినదాని మీద. మామయ్యకి బీపీ ఉందని రెండేళ్ల కిందటే తెలుసు. మాత్ర వేసుకున్నాడు, నార్మల్‌కి వచ్చింది, "తగ్గిపోయిందిగా" అని మానేశాడు. మాత్ర వల్లే నార్మల్‌గా ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. రోజుకి రెండు మూడు రూపాయల మాత్ర! అది మానేసిన సంగతి అత్తయ్యకి కూడా తెలియదు. ఆసుపత్రి నుంచి వచ్చాక బీరువా పైన సగం వాడిన అట్ట కనిపించింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ పెద్దవాళ్లలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి బీపీ ఎక్కువ. ఇన్ని లక్షల మందికి పరీక్ష చేశాం అని ఫ్లెక్సీలు కడతారు. చేశారు సరే, వాళ్లలో ఎంతమందికి బీపీ 140/90 లోపు ఉంది? ఎంతమంది మందుకి రావడం మానేశారు? 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్ అనే బీపీ అదుపు కార్యక్రమం సరిగ్గా ఈ లెక్కే కట్టింది. అది మొదలుపెట్టిన మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. పనేమీ గొప్పది కాదు: అందరికీ ఒకే వరుసలో చవక మందులు, రిజిస్టరు, రానివాళ్లకి ఫోను. ప్రతి పీహెచ్‌సీ గోడ మీద అదుపులో ఉన్నవాళ్ల అంకె రాసి పెట్టండి, చూద్దాం. ఆరోగ్యశ్రీ వద్దనడం లేదు, మామయ్య లాంటివాళ్లకి అదే దిక్కు. కానీ పడిపోయాక లక్షలు పెట్టడానికి సిద్ధపడ్డవాళ్లకి, మానేసినవాడికి ఫోన్ చేసే మనిషి జీతమే భారమైందా?

ఇంటికి పంపేటప్పుడు "ఫిజియోథెరపీ చేయించండి" అని చీటీ మీద ఒక ముక్క రాశారు. మాకు ఫిజియోథెరపిస్టు ఉన్నది నలభై కిలోమీటర్ల దూరంలో. మామయ్యని ఇద్దరం పట్టుకుంటే తప్ప బస్సెక్కలేడు. కారుకి పద్దెనిమిది వందలు. మూడుసార్లు తీసుకెళ్లాం. ఇప్పుడు బావే యూట్యూబు చూసి చెయ్యి వంచి తీస్తున్నాడు, అది సరో తప్పో చెప్పేవాళ్లు లేరు. పొద్దున్నే పాలు అత్తయ్య పోసి వస్తోంది. చీటీ మీద పేరు మాత్రం ఇంకా మామయ్యదే.