ఇంటరప్ట్ అడ్రస్‌ను డ్రైవర్ కేటాయించదు: పదే పదే వస్తున్న ఒక సందేశానికి ఖండన

డ్రైవర్లు (పరికరాలను నడిపించే కెర్నెల్ ప్రోగ్రాములు) రాయడం నేర్చుకుంటున్న మిత్రులందరూ ఒకే సందేశాన్ని నాకు పంపుతున్నారు. లైనక్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ పరికరాల ఎంఎస్‌ఐ ఇంటరప్ట్‌లను ఏడు సూత్రాల్లో నేర్పుతానంటుంది అది. ఇంటరప్ట్ అంటే పరికరం సీపీయూను పిలిచే సంకేతం, ఎంఎస్‌ఐలో ఆ సంకేతాన్ని పరికరం ఒక నిర్ణీత అడ్రస్‌కు డేటా రాసి పంపుతుంది. "చాలా ఉపయోగకరం, తప్పక చదవండి" అన్న మాట ప్రతిసారీ దానికి తోడై వస్తోంది. చదివాను. ఆ ఏడింటిలో ఒకటి ఇతరుల డేటాను చడీచప్పుడు లేకుండా పాడుచేయగలదు కాబట్టి ఇక మాట్లాడక తప్పడం లేదు.

పరికరం వివరాలుండే కాన్ఫిగరేషన్ స్పేస్‌లోని ఇంటరప్ట్ లైన్ రిజిస్టర్‌ను చదివి, అందులోని సంఖ్యనే, హ్యాండ్లర్‌ను (ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్‌ను) నమోదు చేసే రిక్వెస్ట్_ఐఆర్‌క్యూకు ఇవ్వాలన్నది మొదటి సూత్రం. ఆ రిజిస్టర్‌లో ఉండేది ఫర్మ్‌వేర్ వదిలిపెట్టిన సంఖ్య. ఎంఎస్‌ఐకి దానితో సంబంధమే లేదు. రెండవది, ఎంఎస్‌ఐ విస్తృత రూపమైన ఎంఎస్‌ఐ-ఎక్స్‌లో 2048 వెక్టర్ల (ఇంటరప్ట్‌లను గుర్తించే సంఖ్యల) వరకు వీలుంది కాబట్టి ఎప్పుడూ 2048 అడగాలన్నది. 2048 అనేది ప్రమాణం విధించిన గరిష్ఠ పరిమితి మాత్రమే. పరికరం తన పట్టికలో ఎన్ని గడులు ఉన్నాయో తానే చెబుతుంది. ఎక్స్86 (ఇంటెల్, ఏఎమ్‌డీ) యంత్రాల్లో ఒక్కో సీపీయూకు ఉన్నవి 256 వెక్టర్లు, వాటిలో మొదటి 32 ఎక్సెప్షన్లకే (సీపీయూలోనే పుట్టే తప్పు సంకేతాలకు) పోతాయి. వెక్టర్లు కేటాయించే పీసీఐ_అలోక్_ఐఆర్‌క్యూ_వెక్టర్స్‌కు కనిష్ఠం, గరిష్ఠం చెప్పి, అది ఎన్ని ఇచ్చిందో చూసుకుని పని నడుపుకోవాలి. ఈ రెండింటి మీద ఇంతకంటే సమయం వెచ్చించనవసరం లేదు.

అసలు ప్రమాదం మూడవ సూత్రంలో ఉంది. "కేమాలాక్‌తో నాలుగు బైట్ల మెమరీ కేటాయించి, దాని అడ్రస్‌ను పరికరం ఎంఎస్‌ఐ అడ్రస్ రిజిస్టర్‌లో రాయండి, పరికరం అక్కడ రాయగానే మీకు ఇంటరప్ట్ వచ్చినట్టే" అంటుందా సందేశం. ఇందులో ఒక్క మెట్టు కూడా నిలబడదు. కెర్నెల్‌లో మెమరీ కేటాయించే కేమాలాక్ ఇచ్చేది కెర్నెల్ తన వాడకానికి పెట్టుకున్న వర్చువల్ అడ్రస్, భౌతిక అడ్రస్ కాదు. పరికరానికి ఆ అడ్రస్‌తో పనిలేదు. 64 బిట్‌ల మెసేజ్ అడ్రస్‌కు వీలులేని పరికరమైతే అందులో పై సగం తెగిపోయి, మిగిలిన కింది సగం ఎవరి భౌతిక మెమరీని చూపుతుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. పోనీ డీఎమ్‌ఏ (పరికరం నేరుగా మెమరీని చదివి రాసే పద్ధతి) ఏపీఐని సరిగా వాడి, పరికరానికి అర్థమయ్యే అడ్రస్‌నే ఇచ్చారనుకుందాం. అప్పుడు పరికరం నాలుగు బైట్లను ర్యామ్‌లో రాస్తుంది, అంతటితో ఆగిపోతుంది. ఏ సీపీయూకూ కబురు అందదు, ఏ హ్యాండ్లరూ పిలవబడదు. "విలువ మారింది చూడండి" అని సందేశం చూపించే రుజువు నిజానికి పోలింగ్‌కు (విలువను పదే పదే చూస్తూ ఉండటానికి) రుజువు, ఇంటరప్ట్‌కు కాదు.

పని చేయకపోవడంతోనే ఇది ముగిసిపోతే నేను ఇంత పట్టించుకునేవాడిని కాదు. డ్రైవర్‌ను తొలగించినప్పుడు ఆ మెమరీని ఫ్రీ చేసి, ఎంఎస్‌ఐని ఆపడం మరిచారనుకోండి (సందేశంలోని నమూనా కోడ్ ఎక్కడా ఆపదు). పరికరం పాత అడ్రస్‌కే రాస్తూ ఉంటుంది. ఆ చోటు అప్పటికి ఒక ఫైల్ పేజీదో, మరో డ్రైవర్ నిర్మాణానిదో అయి ఉంటుంది. కెర్నెల్‌లో మెమరీ తప్పులను పట్టే కేసాన్ సీపీయూ చేసే చదువు-రాతలనే తనిఖీ చేస్తుంది, పరికరం నేరుగా రాసేది దాని కంటపడదు. పరికరాల మెమరీ రాతలను అదుపు చేసే ఐఓఎమ్ఎమ్‌యూ పూర్తి స్థాయిలో నడుస్తుంటే ఫాల్ట్ నమోదవుతుంది. అది లేని చోట, లేదా పాస్‌త్రూలో (తనిఖీ లేకుండా వదిలేసే స్థితిలో) ఉన్న చోట, ఏ లాగ్‌లోనూ జాడ ఉండదు. ఎక్కడో సంబంధం లేని ప్రోగ్రామ్ కూలిపోతుంది, ఎవరో దాని కోడ్‌లో లేని తప్పు కోసం వెతుకుతారు. "ఉపయోగకరం" అంటూ దీన్ని ముందుకు పంపేవారు ఆ వెతికేవారి గురించి ఒక్క క్షణం ఆలోచించాలి.

అయితే ఈ సూత్రం పూర్తిగా గాలిలోంచి పుట్టలేదని ఒప్పుకోవాలి. డిజైన్‌వేర్ పీసీఐఈ హోస్ట్ కంట్రోలర్ (పీసీఐ ఎక్స్‌ప్రెస్ పరికరాలను సీపీయూకు కలిపే చిప్ భాగం) డ్రైవర్‌ను తెరిచి చూస్తే, ఎంఎస్‌ఐ అడ్రస్ కోసం నిజంగానే డీఎమ్‌ఏ మెమరీ కేటాయించడం కనిపిస్తుంది, అదీ 64 బిట్‌లు తెలియని పరికరాలకు అందేలా మొదటి 4 జీబీ లోపలే. సందేశం రాసినవారు ఆ కోడ్‌నో దాని నకలునో చూసి ఉంటారని నా అనుమానం. కానీ అక్కడ కథ వేరు. ఆ అడ్రస్‌కు వచ్చే రాతను కంట్రోలరే దారిలో పట్టుకుని ఇంటరప్ట్‌గా మారుస్తుంది, అది ర్యామ్ దాకా చేరదు. మెమరీని కేటాయించేది కేవలం ఆ అడ్రస్ మరే డీఎమ్‌ఏకూ దక్కకుండా అట్టిపెట్టడానికి. అది ఇంటరప్ట్‌లను స్వీకరించే కంట్రోలర్ డ్రైవర్ చేసే పని, పంపే పరికరపు డ్రైవర్ చేసే పని కాదు. పీసీఐ కాని కొన్ని ప్లాట్‌ఫామ్ పరికరాల డ్రైవర్లు అడ్రస్‌ను తమ రిజిస్టర్లలో స్వయంగా రాసుకునే మాట కూడా నిజమే, కానీ అక్కడా ఆ అడ్రస్, డేటా రెండూ కెర్నెల్ కూర్చి ఇచ్చినవే.

నాలుగవ సూత్రం మూడవదానికి తమ్ముడు: "కేమాలాక్ పని చేయకపోతే నేరుగా ఎఫ్‌ఈఈ00000 రాయండి, అన్ని యంత్రాల్లో పని చేస్తుంది." ఎక్స్86లో ఎంఎస్‌ఐ అడ్రస్ ఎఫ్‌ఈఈతో మొదలవుతుంది, 12 నుంచి 19 వరకు ఉన్న బిట్‌లు ఏ సీపీయూకు వెళ్లాలో చెబుతాయి, డేటాలోని కింది ఎనిమిది బిట్‌లు వెక్టర్. ఇంతవరకు సరే. ఆ వెక్టర్ మీకు ఎవరు ఇచ్చారు? ఊహించి రాస్తే మరొకరి హ్యాండ్లర్ నడుస్తుంది, లేదా ఆ వెక్టర్‌కు హ్యాండ్లర్ లేదని కెర్నెల్ ఫిర్యాదు చేస్తుంది. అదృష్టవశాత్తు కుదిరినా, ఇంటరప్ట్‌ను మరో సీపీయూకు మార్చినప్పుడల్లా కెర్నెల్ అడ్రస్‌ను, డేటాను తిరగరాస్తుంది. మీరు చేత్తో రాసిన విలువ దానికి తెలియదు. ఇంటరప్ట్‌లను హార్డ్‌వేర్ పట్టిక ద్వారా మళ్లించే ఇంటరప్ట్ రీమ్యాపింగ్ ఉన్న యంత్రంలో అడ్రస్ రూపమే వేరు, పాత రూపంలో వచ్చిన రాతను హార్డ్‌వేర్ అడ్డుకోవచ్చు. ఇక ఆర్మ్ యంత్రాల్లో, జీఐసీవీ3 ఐటీఎస్ (ఆర్మ్ ఇంటరప్ట్ కంట్రోలర్‌లో ఎంఎస్‌ఐలను అనువదించే భాగం) ఉన్న చోట, రాయవలసింది దాని ట్రాన్స్‌లేటర్ రిజిస్టర్‌కు. "అన్ని యంత్రాలు" అన్న మాట రాసేముందు ఒక్క ఆర్మ్ బోర్డు మీదైనా పరీక్షించి ఉండాల్సింది.

హ్యాండ్లర్‌లో జీఎఫ్‌పీ_కెర్నెల్ అనే ఫ్లాగ్‌తో మెమరీ తీసుకోవచ్చన్న ఐదవ సూత్రానికి సమాధానం క్లుప్తం: తీసుకోకూడదు. ఆ కేటాయింపు నిద్రపోవచ్చు (మెమరీ దొరికేదాకా ఆగిపోవచ్చు), హ్యాండ్లర్ నిద్రపోరాదు. ఖాళీ మెమరీ పుష్కలంగా ఉన్నంతసేపు ఇది పరీక్షలో నెగ్గుతుంది, అదే దీనిలోని మోసం. డీబగ్_అటామిక్_స్లీప్ ఆప్షన్‌తో కెర్నెల్‌ను కంపైల్ చేస్తే హెచ్చరిక వెంటనే కనబడుతుంది. మెమరీని ముందే కేటాయించుకోండి, లేదా ఆ పనిని నిద్రపోగల థ్రెడెడ్ హ్యాండ్లర్‌కు అప్పగించండి.

అనేక పరికరాలు పంచుకునే లైన్ మీద ఎప్పుడూ ఐఆర్‌క్యూ_హ్యాండిల్డ్ (ఈ ఇంటరప్ట్ నాదే) అనే తిరిగి ఇవ్వాలన్న ఆరవది అబద్ధం చెప్పమని నేర్పుతోంది. తనది కాని ఇంటరప్ట్‌కు ఐఆర్‌క్యూ_నన్ చెబితేనే, 1,00,000 ఇంటరప్ట్‌లలో 99,900కు పైగా దిక్కులేనివైనప్పుడు కెర్నెల్ ఆ లైన్‌ను మూసి యంత్రాన్ని కాపాడగలదు. అందరూ "నాదే" అంటే సీపీయూ ఆ లైన్ మీదే తిరుగుతూ ఉండిపోతుంది.

ఏడవది, ఎంఎస్‌ఐ వాడితే డేటా మెమరీకి చేరిందని నిర్ధారించుకోవడానికి హ్యాండ్లర్ మొదట్లో పరికరం రిజిస్టర్‌ను చదవనక్కరలేదన్నది, సరైనదే. ఎంఎస్‌ఐ కూడా మెమరీ రాతే కనుక పరికరం అంతకుముందు పంపిన డేటాను దాటి ముందుకు రాలేదు. పాత పిన్ ఇంటరప్ట్‌లకు ఈ హామీ లేదు. కానీ ఈ హామీ పరికరం నుంచి మెమరీ వైపు సాగే రాతలకే వర్తిస్తుంది. హ్యాండ్లర్ తన వైపు నుంచి పరికరం మాస్క్ రిజిస్టర్‌లో (ఇంటరప్ట్‌లను ఆపే రిజిస్టర్‌లో) రాసి, అది అక్కడికి చేరిందని నిర్ధారించుకోవాలంటే తిరిగి ఒకసారి చదవవలసిందే.